ఒకటో తారీఖు ఓనర్‌గా మిగిలిపోకండి

అద్దెకిచ్చిన ఇల్లుందా మీకు? కింద రెండు పోర్షన్లు, పైన పెంట్‌హౌస్. లేదంటే మియాపూర్‌లోనో మధురవాడలోనో ఒక ఫ్లాట్. మంచిది. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. అద్దెకున్నవాళ్ళకు మీరు చివరిసారి ఫోన్ చేసింది ఎందుకు?

"అద్దె ఇంకా పడలేదేంటండీ" అని అడగడానికేనా? అయితే మీరు ఒకటో తారీఖు ఓనర్. నెలకు ఒక్కరోజే మీకు ఆ ఇల్లు గుర్తొస్తుంది. మిగతా రోజులు దాని మానాన అది ఉంటుంది. గోడకు చెమ్మ పడుతూనే ఉంటుంది. కాలే వైరు కాలుతూనే ఉంటుంది.

ఇది మారుతుంది. మీరు మార్చగలరు. దీనికి సివిల్ ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. మీరు భయపడేంత ఖర్చూ కాదు. కొన్ని అలవాట్లు చాలు.

ముందు మైండ్‌సెట్

మన దగ్గర ఇల్లంటే జీవితకాలం సంపాదన. పీఎఫ్ డబ్బులు, ఊళ్ళో పొలం అమ్మిన డబ్బులు, బ్యాంకు లోను, అన్నీ పోసి కట్టిన ఇల్లు. "నా ఇల్లు" అన్న మమకారం ఉంటుంది. ఉండాలి కూడా. కానీ టు-లెట్ బోర్డు దించిన రోజు నుంచి మీరు ఒక వ్యాపారంలో ఉన్నారు. టెనెంట్ మీ కస్టమర్. నెలకు 15 వేలో పాతిక వేలో కట్టి మీ దగ్గర ఒక సర్వీస్ కొంటున్నాడు. కుళాయి తిప్పితే నీళ్ళు రావాలి. స్విచ్ వేస్తే లైటు వెలగాలి, షాక్ కొట్టకూడదు. సీలింగ్ పెచ్చు ఊడి పిల్లాడి నెత్తిన పడకూడదు. మీరు అమ్ముతున్న సరుకు ఇదే.

"మా టెనెంట్లు చాలా మంచివాళ్ళండీ, ఇన్నేళ్ళలో ఒక్క కంప్లయింట్ లేదు" అని గర్వంగా చెప్పుకుంటారు కొందరు. నన్నడిగితే అక్కడే అనుమానపడాలి. కంప్లయింట్ లేని ఇల్లు ఉండదు. చెప్పడానికి భయపడే టెనెంట్లు ఉంటారు.

భయం దేనికి? చెబితే అద్దె పెంచుతారని. "నచ్చకపోతే ఖాళీ చేయండి" అంటారని. పిల్లల స్కూలు మధ్యలో ఉంది, ఇప్పుడెక్కడికి పోతామని. బాత్రూమ్ కుళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోంది. ఏం చేస్తారు? రబ్బరు చెప్పులేసుకుని స్నానం చేస్తారు. చుట్టాలొస్తే "ఆ కుళాయి జాగ్రత్త" అని చెబుతారు. మీకు మాత్రం చెప్పరు. ఆ కుళాయి గురించి ఇంట్లో అందరికీ తెలుసు, ఓనర్‌కు తప్ప.

కాబట్టి మీరు నేర్చుకోవాల్సిన మొదటి స్కిల్ ప్లంబింగ్ కాదు. ఫోన్ ఎత్తడం!

"అంకుల్, గీజర్ వేస్తే ఎంసీబీ పడిపోతోంది" అని అద్దెకున్న అమ్మాయి ఫోన్ చేసింది.

దీనికి రెండు జవాబులున్నాయి.

"మేమున్నప్పుడు బాగానే ఉండేదే! మీరేం చేశారు?" ఇది మొదటిది. ఈ మాట అన్నాక ఆ అమ్మాయి మీకు ఇంకెప్పుడూ ఫోన్ చేయదు. ఎవరో కుర్రాడిని పిలిచి పెద్ద ఎంసీబీ వేయించుకుంటుంది. ఎంసీబీ పడటం ఆగిపోతుంది, లోపల వైరు కాగడం మొదలవుతుంది.

"ఎప్పట్నుంచమ్మా? ప్రస్తుతానికి గీజర్ ఆన్ చేయకండి. సాయంత్రం ఐదింటికి ఎలక్ట్రీషియన్‌ని పంపిస్తాను, ఇంట్లో ఎవరైనా ఉంటారా?" ఇది రెండోది. పట్టుమని పది సెకన్లు. ఇందులో కోపం లేదు, నింద లేదు. ఒక ప్రశ్న, ఒక జాగ్రత్త, ఒక టైము. ఈ మూడూ అలవాటు చేసుకోండి. అద్దంముందు నిలబడి ప్రాక్టీస్ చేసినా తప్పులేదు.

ప్రతి ఫోనుకూ పరుగెత్తక్కర్లేదు. ఇలా విడదీసుకోండి:

- ఇప్పటికిప్పుడు: షాక్, కాలిన వాసన, గ్యాస్ వాసన, లిఫ్ట్, ఊడుతున్న పెచ్చులు.
- 24 గంటల్లో: నీళ్ళు రాకపోవడం, డ్రైనేజీ పొంగడం, మెయిన్ డోర్ తాళం.
- వారంలో: మిగతావన్నీ.

కరెంటు దగ్గర కక్కుర్తి వద్దు

ఇంటి సేఫ్టీ మొత్తంలో ఒక్క విషయమే పట్టించుకునే ఓపిక మీకుంటే, అది కరెంటే కావాలి.

పాతికేళ్ళ కిందటి ఇల్లు అనుకుందాం. అప్పుడు వైరింగ్ చేసింది రెండు ఫ్యాన్లకు, నాలుగు ట్యూబ్‌లైట్లకు, ఒక టీవీకి. ఇప్పుడు అదే ఇంట్లోకి టెనెంట్ ఏసీ తెచ్చాడు. వాషింగ్ మెషీన్, ఇండక్షన్ స్టౌ, మైక్రోవేవ్ తెచ్చాడు. లైట్లకు 1.5 స్క్వేర్ ఎంఎం వైరు సరిపోతుంది. ఏసీకీ గీజర్‌కూ మామూలుగా 4 స్క్వేర్ ఎంఎం లాగుతారు, దేని లైను దానికి విడిగా. మీ ఇంట్లో ఏముంది? తెలియదా? తెలుసుకోండి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బోర్డులు విప్పించండి. ప్లగ్గుల దగ్గర పసుపుపచ్చగా మాడిన మరకలుంటే ఇక ఆలోచించకండి, ఆ లైను మార్పించండి.

తర్వాత ఆర్‌సీసీబీ. ఇది చాలామంది ఓనర్లకు తెలియదు, తెలిసినా "ఎంసీబీ ఉందిగా" అంటారు. రెండూ ఒకటి కాదు. ఎంసీబీ లోడ్ ఎక్కువైనప్పుడు పడి వైరును కాపాడుతుంది. ఆర్‌సీసీబీ కరెంటు దారితప్పి మనిషి ఒంట్లోంచి నేలలోకి పోతున్నప్పుడు పడి మనిషిని కాపాడుతుంది. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. దాని మీద 'టి' అని చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే టక్కున పడిపోవాలి. పడిందా, బాగుంది. పడలేదా, అది పెట్టెలో ఉన్న అలంకారం మాత్రమే, మార్చండి. కొత్త టెనెంట్ దిగిన రోజు తాళాలిచ్చేటప్పుడే బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి ఆ బటన్ వాళ్ళచేతే నొక్కించండి. "నెలకోసారి ఇలా నొక్కి చూడండమ్మా, పడకపోతే నాకు చెప్పండి." పాలు పొంగించుకునే రోజున ఇదో చిన్న తంతు, పెట్టుకోండి.

ఎర్త్ సంగతి. ఎర్త్ లేకుండా మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినా లాభం లేదు. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది. వారానికోసారి బకెట్టు నీళ్ళు పోయండి. వాచ్‌మన్‌కు చెబితే చేస్తాడు, చేశాడా అని అడిగితే మరీ బాగా చేస్తాడు.

ఇక డాబా మీదికి రండి. బట్టలారేసే దండేనికి జీఐ తీగ కట్టారా? ఈరోజే తీసేయండి. ఏటా వానాకాలంలో మన పేపర్లలో వచ్చే వార్త ఇది. సర్వీస్ వైరు ఒరుసుకుని పైతొడుగు పోతుంది, అది ఇనుప రేకుకో పైపుకో తగులుతుంది, కరెంటు దండెంలోకి వస్తుంది. తడి చీర ఆరేయబోయిన ఇల్లాలు అతుక్కుపోతుంది. లాగబోయిన భర్తా పోతాడు. నైలాన్ తాడు ఖరీదెంత? ఎవరికైనా షాక్ కొడుతుంటే ముందు మెయిన్ ఆపాలి, మనిషిని ముట్టుకోకూడదు. ఈ ఒక్క మాట మీ టెనెంట్లందరికీ చెప్పండి. మెయిన్ ఎక్కడుందో చూపించండి. చాలా ఇళ్ళలో అది ఓనర్ పోర్షన్లో తాళం వెనక ఉంటుంది. అలా ఉంటే బయటికి మార్పించండి.

సెల్లార్ ఎవరికిచ్చారు?

ఖాళీ జాగా కనిపిస్తే అద్దె లెక్కేసుకునే అలవాటు మనకుంది. స్టిల్ట్‌లో గోడౌన్, సెల్లార్‌లో షోరూమ్, మెట్ల కింద ఇస్త్రీ దుకాణం. నెలకు ఇంకో పదివేలు. ఆశ సహజమే. కానీ హైదరాబాద్‌లో జరిగిన అగ్నిప్రమాదాలు గుర్తుచేసుకోండి.

2022 సెప్టెంబరు 12. సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. ఎనిమిది మంది చనిపోయారు. 2023 నవంబరు 13. నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద కెమికల్ డ్రమ్ములు, పైన కుటుంబాలు కాపురముంటున్న అపార్ట్‌మెంట్. తొమ్మిది ప్రాణాలు ఆ రోజే పోయాయి. 2025 మే 18. చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన ఇల్లు, బయటికి రావడానికి ఇరుకైన ఒకే దారి. 17 మంది, అందులో ఎనిమిది మంది పిల్లలు.

మూడు చోట్లా మంట కింద పుట్టింది, మనుషులు పైన ఉన్నారు. పొగకు పైకి పోవడానికి మెట్లదారే పొగగొట్టం అవుతుంది. ఊపిరాడకుండా చేసేది మంట కంటే ముందు ఆ పొగే. కాబట్టి ఇక్కడ బేరాల్లేవు:

మనుషులుండే ఇంటి కింద పెయింట్లు, థిన్నర్లు, కెమికల్స్, బ్యాటరీల గోడౌన్‌కు ఇవ్వకండి. ఎంత అద్దె ఇస్తానన్నా ఇవ్వకండి. మెట్ల మీద పాత సోఫాలు, సైకిళ్ళు, అట్టపెట్టెలు ఉంచనివ్వకండి. టెనెంట్లవి అయినా, మీవి అయినా. (ఎక్కువసార్లు అవి ఓనర్లవే అయ్యుంటాయి!) రాత్రి గేటుకు తాళమేస్తే ప్రతి పోర్షన్‌లో ఒక తాళంచెవి ఉండాలి. బాల్కనీ మొత్తం గ్రిల్లు బిగించారా? లోపల్నుంచి తెరుచుకునే చిన్న తలుపు ఒకటి పెట్టించండి. అంతస్తుకో ఏబీసీ పౌడర్ సిలిండర్ తగిలించి, దాని మీటరు ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో అటుగా పోయినప్పుడల్లా చూడండి. ఫైర్ వాళ్ళ నంబరు 101 మెట్ల దగ్గర గోడ మీద పెద్దగా రాయించండి.

టెనెంట్ల దగ్గర ఎలక్ట్రిక్ స్కూటర్లు ఇప్పుడు మామూలైపోయాయి. వద్దని గొడవపడకండి. గాలి ఆడే పార్కింగ్‌లో విడి ఎంసీబీతో పవర్ ప్లగ్గు ఒకటి పెట్టించండి, సబ్ మీటరుతో. లేకపోతే వాళ్ళు మూడో అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు వేలాడదీస్తారు.

గ్యాసు, నీళ్ళు, పైకప్పు

గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉంటే తీసేయించండి. చర్చే లేదు. మూసిన బాత్రూమ్‌లో అది వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. లోపలున్న మనిషికి కళ్ళు తిరుగుతున్నాయని తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. వంటింట్లో రబ్బరు ట్యూబ్ ఐదేళ్ళకోసారి మార్చాలి, తేదీ దాని మీదే ఉంటుంది. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే నేలమీద పరుచుకుంటుంది. అందుకే వంటింట్లో గాలి పోయే దారి కింది భాగంలోనూ ఉండాలి. లీక్ ఎమర్జెన్సీ నంబరు 1906. ఇదీ గోడ మీదికే.

సంపు మూతకు తాళం. ఇంట్లో చిన్నపిల్లలు లేకపోయినా సరే, చుట్టాల పిల్లలుంటారు. సంపు కడిగించేటప్పుడు మోటారు మెయిన్ ఆపండి, మూతలన్నీ కొన్ని గంటల ముందే తీసి గాలి ఆడనివ్వండి, పైన ఒకరు కాపలా ఉండకుండా ఎవరినీ లోపలికి దింపకండి. సెప్టిక్ ట్యాంకులోకైతే అసలు మనిషిని దింపకూడదు. రక్షణ పరికరాలు లేకుండా దింపితే 2013 చట్టం ప్రకారం నేరం కూడా. మెషీన్ బండిని పిలవండి.

పైకప్పు సంగతి చూద్దాం. సీలింగ్ మీద తుప్పు రంగు గీత కనిపించిందంటే లోపల ఊచ తుప్పుపడుతోందని. తుప్పు ఉబ్బుతుంది, కాంక్రీటును నెడుతుంది, పెచ్చు ఊడుతుంది. కర్రతో మెల్లగా కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ కూర్చోకండి, పడుకోకండి. దాని మీద పుట్టీ పూసి రంగేయడం ఓనర్ల చిట్కా. అది మేకప్. వదులైనదంతా కొట్టించి, ఊచను శుభ్రం చేయించి, తుప్పు ఆపే కోటింగ్ వేయించి, అప్పుడు పూడ్పించాలి. సజ్జలనూ పిట్టగోడనూ ఇలాగే చూడండి. పిట్టగోడ మూడున్నర అడుగులకు తక్కువుంటే పైన రెయిలింగ్ వేయించండి.

ఆషాఢాన్ని వాడుకోండి

మన టెనెంట్లు ఆషాఢంలో ఇల్లు మారరు. శ్రావణం రాగానే మంచిరోజు చూసుకుని దిగుతారు. భాద్రపదం, పుష్యం కూడా అంతే. ఈ శూన్యమాసాల్లో ఇల్లు ఖాళీ పడితే ఓనర్లు టు-లెట్ బోర్డు కట్టి దిగులుగా కూర్చుంటారు. దిగులెందుకు? ఎవరి మంచాలూ బీరువాలూ అడ్డం లేకుండా ఎలక్ట్రీషియనూ పెయింటరూ పని చేసుకునే నెల అదే. లోపలి పనులన్నీ ఆషాఢానికి పెట్టుకోండి. డాబా పని మాత్రం వానల కంటే ముందే, మేలోనే ముగించాలి. తూముల్లో ఆకులు తీయించడం, నెర్రెలు పూడ్పించడం అప్పుడే. ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగించడం ఆర్నెల్లకోసారి. ఆస్తిపన్ను ఏప్రిల్లో. హైదరాబాద్‌లో ఎర్లీ బర్డ్ కింద 5 శాతం తగ్గుతుంది కూడా. ఇవన్నీ ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్లు పెట్టేసుకోండి, మీ మెదడు మీద భారం వేయకండి.

నోటిమాట వద్దు, రాత కావాలి

"మనవాళ్ళేగా" అని అగ్రిమెంట్ రాసుకోకపోవడం మన పెద్ద బలహీనత. తర్వాత గొడవయ్యేది మనవాళ్ళతోనే. 11 నెలల అగ్రిమెంట్ ఎందుకు రాస్తారో తెలుసా? ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించి తీరాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి. ఆ 11 నెలల కాగితంలో కూడా మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: ఏ రిపేరు ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో ఏం పట్టుకుంటారు, ఎన్ని రోజుల నోటీసు.

రిపేర్ల పంపకానికి మంచి నమూనా ఒకటుంది. కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్. గోడలు, సున్నాలు, పైపులు, వైరింగ్ ఓనర్‌వి. స్విచ్చులు, సాకెట్లు, కుళాయి వాషర్లు, పగిలిన కిటికీ అద్దాలు టెనెంట్‌వి. ఇళ్ళకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె దాటకూడదంటుంది. ఓనర్ లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలంటుంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే ఇది అమలవుతుంది. కానీ మంచి పద్ధతి పాటించడానికి మీకు అసెంబ్లీ తీర్మానం అక్కర్లేదు కదా!

ఆ 24 గంటల మాట మీద ఒక నిమిషం ఆగండి. డూప్లికేట్ తాళంచెవి మీ దగ్గరుందని తలుపు తీసుకుని వెళ్ళిపోకండి. "మోటారు చూద్దామని వచ్చా" అంటూ వంటింట్లోకి తొంగిచూసి ఏం వండుతున్నారో కనిపెట్టే ఓనర్లున్నారు. వచ్చిపోయే ఫ్రెండ్స్‌ను లెక్కపెట్టేవాళ్ళూ ఉన్నారు. మానేయండి. టెనెంట్ బ్యాచిలర్ అయినా, ఒంటరిగా ఉంటున్న అమ్మాయి అయినా, అద్దె కట్టినన్నాళ్ళూ అది వాళ్ళ ఇల్లు. ముందు మెసేజ్ పెట్టండి, వెళ్ళండి, పని చూసుకుని వచ్చేయండి. వివరాలు కావాలంటే దిగకముందే ఆధార్ కాపీ తీసుకుని పోలీస్ వెరిఫికేషన్ చేయించండి.

దిగే రోజున ప్రతి గదీ వీడియో తీసి, కరెంటు మీటరు రీడింగ్ ఫొటోతో సహా టెనెంట్‌కు వాట్సాప్ చేయండి. ఖాళీ చేసే రోజున అదే వీడియో పెట్టుకుని ఇద్దరూ కలిసి తిరగండి. పట్టుకునే ప్రతి రూపాయికీ బిల్లు చూపించండి. మిగిలిన అడ్వాన్స్ తాళాలు చేతికొచ్చిన రోజే ఇచ్చేయండి. "కొత్తవాళ్ళు దిగాక ఇస్తాం" అనే ఓనర్ పేరు ఆ వీధిలో ఎంత త్వరగా పాకుతుందో మీకు తెలుసు.

మీటర్లు పోర్షన్‌కొకటి విడిగా పెట్టించండి. రెండు కుటుంబాలు ఒకే మీటరు మీదుంటే శ్లాబు మారి ఇద్దరి బిల్లూ పెరుగుతుంది. తెలంగాణలో 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుంది, అద్దెకున్నవాళ్ళకూ వస్తుంది. మీ ఉమ్మడి మీటరు వాళ్ళకు దాన్ని కూడా పోగొడుతుంది.

మరి డబ్బు?

ఏడాదికి ఒక నెల అద్దె పక్కన పెట్టండి. విడి అకౌంట్‌లో. అది ఇంటిది, మీది కాదు. 20 వేల అద్దె ఇంటికి ఏడాదికి వచ్చేది 2,40,000. కట్టిన ఆస్తిపన్ను తీసేశాక మిగిలిన దానిలో 30 శాతాన్ని ఆదాయపు పన్ను లెక్కల్లో స్టాండర్డ్ డిడక్షన్‌గా వదిలేస్తారు, బిల్లులేవీ అడగకుండానే. అంటే దాదాపు 70 వేలు. ప్రభుత్వం అంత వదిలితే, 20 వేలు ఖర్చుపెట్టడానికి మీ చెయ్యి రాదా?

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఇక్కడ ఫ్లాట్ అద్దెకిచ్చినవాళ్ళకు ఒక మాట. డెబ్బై ఏళ్ళ నాన్నగారిని ప్లంబర్ల వెంట తిప్పకండి. డబ్బు తీసుకుని పనిచేసే మనిషిని ఒకరిని పెట్టుకోండి. ఐదువేల దాకా నన్నడగకుండా ఖర్చుపెట్టు అని రాసివ్వండి. మీరు నిద్ర లేచేదాకా పగిలిన పైపు ఆగదు.

ఇప్పుడు ఫోన్ తీయండి. మీ టెనెంట్లకు ఈ మెసేజ్ పంపండి:

"నమస్తే అండీ. ఇంట్లో కరెంటు, నీళ్ళు, గ్యాసు, గోడలు, తలుపులు, వీటిలో ఎంత చిన్న ఇబ్బంది ఉన్నా ఆదివారం లోపు రాసి పంపండి. ఫొటో ఉంటే పెట్టండి. దీనివల్ల అద్దె పెరగదు."

ఆ చివరి వాక్యం తీసేయకండి. అది లేకపోతే జవాబులు రావు. ఉంటే లిస్టు పొడుగ్గానే వస్తుంది, కంగారు పడకండి. అందులో షాక్ అన్న మాట ఎక్కడుందో ముందు వెతకండి. ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయండి.